శుక్రవారం మాటలు

పొద్దుగూకే వేళ ఆరేసిన బట్టలు తీయడానికి మిద్దె ఎక్కాను. నీళ్ల ట్యాంకు వెనక నుంచి ఒక మాట వినపడింది. "మోయ." కాసేపాగి మళ్లీ, "మోయ."

నా భర్త గొంతు. తొంగి చూస్తే గోడకు ఆనుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. బడిపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు తల ఊపుతున్నాడు. "ఖుబ్జ్... ఖుబ్జ్... యల్లా."

నా చేతిలో పాప గౌను ఉంది. అది ఆరిందో లేదో చూసుకోలేదు. వెనక్కి తిరిగి మెట్ల మీద కూర్చున్నాను. అరబ్బీలో మోయ అంటే నీళ్లు. ఖుబ్జ్ అంటే రొట్టె. యల్లా అంటే పద, కదులు. ఈ మాటలు ఆయనకంటే ముందు నాకు వచ్చు. ఏడో తరగతిలో ఉండగా నేర్చుకున్నాను.

అప్పటికి ఆయన నాకు ఏమీ చెప్పలేదు. ఈసారి సాగర్ కాలువకు నీళ్లు రాలేదని, హాలియా మిల్లులకు వడ్లు తగ్గినయని, తను నడిపే లారీ ఓనరు "మళ్ల పిలుస్త" అని పంపించేశాడని మాత్రం చెప్పాడు. దేశం దాటి పోవాలనుకుంటున్నాడని ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది.

ఇప్పుడు అందరూ పడుకున్నారు. హాలియాలో ఈ కిరాయి ఇంట్లో వంటగట్టు పక్కన కూర్చుని రాస్తున్నాను. బాబు నిద్రలో దగ్గినప్పుడల్లా లేచి వెళ్లి నుదురు ముట్టుకుని వస్తున్నాను. జ్వరమేమీ లేదు. నాకే మనసు నిలబడటం లేదు.

నా పుట్టిల్లు మహబూబ్‌నగర్ దిక్కు, ఆత్మకూరు దగ్గర పల్లె. కృష్ణా నది అంత దూరమేమీ కాదు. మాకు గొర్రెల మంద ఉండేది. ఎండాకాలం మేత కోసం నది దిక్కు తోలుకుపోయి, దారిలో రైతుల చేన్లలో రాత్రిపూట మంద పెట్టేవాళ్లం. గొర్రెలు పడుకున్న చేను మరుసటి ఏడు బాగా పండుతుంది. అందుకు రైతు జొన్నలు గానీ బియ్యం గానీ కొలిచి ఇచ్చేవాడు. సెలవుల్లో నేనూ తమ్ముడూ వెంట పోయేవాళ్లం. తడిసిన గొంగడి వాసన, తెల్లవారుజామున పెంట ఘాటు, కుండలో పులిసిన అంబలి, అమ్మ రాతి మీద నూరిన ఎల్లిగడ్డ కారం. జొన్నరొట్టె మీద ఆ కారం రాసుకుని గొర్రెల మధ్యలోనే తినేవాళ్లం. ఏమరుపాటుగా ఉంటే పొట్టేలు వచ్చి చేతిలో రొట్టె లాక్కుపోయేది. తమ్ముడు దాని వెంటపడి, సగం నమిలిన ముక్క తిరిగి తెచ్చుకునేవాడు.

నాయిన మనుషులతో తక్కువ మాట్లాడేవాడు. ఆయన మాటలన్నీ గొర్రెలకే. నీళ్లకు పిలిచే చప్పుడు ఒకటి, చేనిలో పడకుండా అదిలించేది ఒకటి, దారి తప్పిన పిల్లను తల్లి దగ్గరికి తోలేది ఇంకొకటి. కొన్ని నాలుకతో, కొన్ని పెదాలతో, కొన్ని గొంతు లోపల నుంచి. అవి రాయడానికి అక్షరాలు లేవు. ఇప్పుడు నేను ప్రయత్నిస్తే ఒక్కటి కూడా సరిగ్గా రావడం లేదు.

కొత్త రాష్ట్రం వచ్చిన రోజుల్లో వరసగా వానలు ముఖం చాటేశాయి. మేసే బీళ్లన్నీ పత్తిచేన్లు అయ్యాయి, గుట్ట చుట్టూ ఎవరో కంచె వేశారు. మంద సన్నబడింది. అప్పుడే మా ఇంటికి దుబాయ్ మామ రావడం మొదలుపెట్టాడు.

ఆయన పోయి వచ్చింది సౌదీకి. కానీ మా ఊళ్లో ఏ దేశానికి పోయినా దుబాయే, వచ్చినోడు దుబాయోడే. అమ్మకు వరసకు అన్న. దగ్గరికి రాకముందే అత్తరు వాసన వచ్చేది. "బావా, ఆడ గొర్లు కాసేటోళ్లే కావాల్నట. నీకు పుట్టుకతోనే వచ్చిన పనాయె. ఇంక ఫికర్ ఏంది?" అని నాయిన పక్కన కూర్చునేవాడు.

"బాస రాదు గద బావా," అన్నాడు నాయిన.

"నేను నేర్పుత. చాయ్ మాత్రం చెల్లె పెట్టాలె."

అలా మా ఇంటి అరుగు మీద బడి మొదలైంది. పొద్దుగూకినాక గొర్రెలు దొడ్డిలోకి చేరి, అమ్మ చాయ్ పెట్టి, దుబాయ్ మామ బీడీ ముట్టిస్తే పాఠం. తాల్ అంటే రా. రూహ్ అంటే పో. జీబ్ అంటే తే. షూఫ్ అంటే చూడు. గనమ్ అంటే గొర్రెలు. నాయిన గోడకు ఆనుకుని, గొంగడి ఒళ్లో పెట్టుకుని, ఒక్కో మాటను అంబలిలో రాయి తగిలినట్టు నోట్లో అటూ ఇటూ తిప్పేవాడు. మాకు మాత్రం ఒక్కసారి వింటే వచ్చేసేది.

అమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. ఇంట్లో ఏది కావాలన్నా ఆ మాటతోనే అడగాలి. మోయ అనకపోతే నీళ్లు లేవు, ఖుబ్జ్ అనకపోతే రొట్టె లేదు. నాయిన పాపం ఒకరోజు మాట గుర్తురాక, రొట్టె దిక్కు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. నేను ఆయన చెవిలో గుసగుసగా అందించాను. అమ్మ చూసి, "దొంగ చదువు చదివితే ఆడ ఎవరు అందిస్తరే నీ నాయినకు?" అని నెత్తి మీద మొట్టింది.

తమ్ముడు ఒకరోజు అవ్వను "ఏ హుర్మా!" అని పిలిచాడు. మా నాయినమ్మ చేట కింద పెట్టి, "వీడు నన్నేం తిట్టిండే?" అని అమ్మను అడిగింది.

"తిట్టు గాదత్తా. హుర్మా అంటే ఆడమనిషట," అని దుబాయ్ మామ నవ్వాడు.

"ఆడమనిషిని ఆడమనిషీ అని పిలుస్తరా? వీన్నోట్ల మన్ను వొయ్య!" అని అవ్వ చీపురు తీసుకుని వాడిని దొడ్డి చుట్టూ తరిమింది. గొర్రెలన్నీ లేచి నిలబడ్డాయి. నాయిన అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

అవ్వ ఒక్క మాట కూడా నేర్చుకోలేదు. కానీ రోజూ వచ్చి గడప మీద కూర్చుని వినేది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి అడిగింది. "ఓ బిడ్డా, కడుపుల నొస్తే ఏమనాలె ఆడ?"

"నీ కొడుకు ఆడికి పోయేది పనికి అత్తా, కడుపునొప్పికి గాదు."

"పని చేసేటోనికి కడుపు నొయ్యదా?"

"గొర్రెకు రోగమొస్తే చెప్పాల్సుంటది. అది నేర్పుత," అని దుబాయ్ మామ నాయిన వైపు తిరిగాడు. "గనమ్ మరీద్. ఏదీ, అను బావా. గనమ్ మరీద్. గట్ల చెప్తే కఫీల్ ఉరికొస్తడు, మందు తెస్తడు. గొర్రె అంటే పానం ఆనికి." కఫీల్ అంటే అక్కడి యజమాని.

"గనమ్ మరీద్," అన్నాడు నాయిన. గొర్రెల మాట కాబట్టేమో, అది ఒక్కసారికే వచ్చింది.

అవ్వ వదల్లేదు. "ఇంటికి పోత అంటే ఏమనాలె?"

దుబాయ్ మామ బీడీ నోట్లో పెట్టుకున్నాడు. అది ఆరిపోయి ఉంది. మళ్లీ వెలిగించుకోలేదు. "గది నాకు గూడ ఎవ్వరు నేర్పలే అత్తా," అని లేచిపోయాడు. చాయ్ గ్లాసు సగంలోనే ఉంది. తమ్ముడూ నేనూ ఆ సగం చాయ్ కోసం కొట్లాడుకున్నాం.

ఏజెంటుకు ఇవ్వడానికి మంద అమ్మేశారు. కొన్ని ముసలి గొర్రెలు, పాలు మరవని పిల్లలు అవ్వకు మిగిలాయి. పోయేముందు రోజు నాయిన వాటిని ఆఖరుసారి వాగుకు తోలుకుపోయాడు. నేను వెంట ఉన్నాను. వాగు దగ్గర ఆగి, కొత్త మాట పరీక్ష చేద్దామనుకున్నాడో ఏమో, "తాల్! తాల్!" అని పిలిచాడు. గొర్రెలు చెవులు రిక్కించి ఆయన ముఖంలోకి చూశాయి గానీ ఒక్కటీ కదల్లేదు. నాయిన నా దిక్కు చూసి సిగ్గుగా నవ్వి, నాలుకతో తన పాత చప్పుడు చేశాడు. అన్నీ ఒక్కసారిగా వచ్చి ఆయన మోకాళ్లకు రాసుకున్నాయి. "ఆడి గొర్లకు ఇది తెల్వదు గావొచ్చు బిడ్డ," అన్నాడు.

సౌదీకి పోయినాక నాయిన నుంచి ప్రతి శుక్రవారం ఫోన్ వచ్చేది. దుబాయ్ మామ ఫోనుకే. ఆయన తెచ్చి అరుగు మీద పెడితే అందరం చుట్టూ చేరేవాళ్లం. అమ్మ మాట్లాడినాక మా వంతు. మేమడిగేది ఒక్కటే. "నాయినా, కొత్త మాట!"

నాయిన కాసేపు ఆలోచించి చెప్పేవాడు. హలీబ్, పాలు. జమల్, ఒంటె. ఖమర్, చందమామ. "ఈడ చందమామ మస్తు పెద్దగ కనపడ్తడు బిడ్డ. చుట్టు ఏమి లేదు గద," అనేవాడు. ఆ వారమంతా ఆ మాట మా ఇద్దరిదీ. తమ్ముడు బడికి పోతూ ఖమర్ ఖమర్ అని గంతులేసేవాడు. బడిలో మాకు ఇంగ్లీషు కొత్త మాటలు రోజూ ఇచ్చేవాళ్లు. సారుకు అప్పజెప్పి మర్చిపోయేదాన్ని. నాయిన మాటలు మాత్రం ఒక్కటీ పోలేదు. ఎందుకంటే వాటి వెనక ఆయన గొంతు ఉండేది. ఇసుక గాలి ఫోనులో గరగరమంటుంటే, ఆ గరగర కూడా మాటలో భాగమే అనుకుని అలాగే పలికేవాళ్లం.

వానాకాలం పోయింది. మాటలు మారుతూ వచ్చాయి. హర్, వేడి. తాబాన్, అలసిపోవడం. బుక్రా, రేపు. బుక్రా ఎందుకు నేర్చుకున్నావు నాయినా అంటే, "కఫీల్ రోజు అంటడు బిడ్డ. జీతం అంటే బుక్రా, చెప్పులు అంటే బుక్రా," అని నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ వారమంతా అమ్మ ఏ పని చెప్పినా బుక్రా అని పారిపోయాం. తర్వాతి శుక్రవారం వచ్చిన మాట మా ఫీ. లేదు అని దానర్థం. ఆ తర్వాత మా ఫీ మోయ.

తమ్ముడు వాకిట్లో ఖాళీ చెంబు బోర్లించి కొడుతూ, "మా ఫీ మోయ, మా ఫీ మోయ" అని పాట కట్టాడు. పొయ్యి దగ్గర జొన్న గట్క కలుపుతున్న అమ్మ చేయి ఆగిపోయింది. "ఏమంటుండే వాడు?" అంది.

"నీళ్లు లేవు అని."

అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. గట్క మాడు వాసన వచ్చేదాకా.

ఆ తర్వాతి శుక్రవారం కూడా మేమడిగాం. నాయిన "అసా" అన్నాడు. ఏందని అడిగేలోగా ఫోన్ పోయింది.

దుబాయ్ మామ ఫోన్ జేబులో పెట్టుకుని లేవబోయాడు. అమ్మ అడ్డం నిలబడింది. "అసా అంటే ఏందన్నా?"

"కట్టె."

"గొర్లకాడ కట్టె ఉండదా? గదేం కొత్త మాట?"

ఆయన చెప్పుల దిక్కు చూస్తూ అన్నాడు. "ఆడ గొర్లను కట్టెతోని కొట్టరు చెల్లె."

తమ్ముడు అప్పటికే వాకిట్లో ఒక పుల్ల దొరకబుచ్చుకుని, అసా అసా అని ఊపుతున్నాడు. అవ్వ పోయి ఆ పుల్ల గుంజుకుని, విరిచి పొయ్యిలో పెట్టింది. వాడు ఎందుకో అర్థం కాక ఏడ్చాడు. నాకు అర్థమైంది. ఈ సాయంత్రం మిద్దె మెట్ల మీద గుర్తొచ్చింది ఆ విరిగిన పుల్లే.

ఆ తర్వాత ఫోన్ రాలేదు. శుక్రవారం అమ్మ చాయ్ పెట్టేది, దుబాయ్ మామ ఫోన్ అరుగు మీద పెట్టేవాడు, అందరం దాన్ని చూస్తూ కూర్చునేవాళ్లం. కొన్నాళ్లకు ఆయన రావడం మానేశాడు. అమ్మ మమ్మల్ని ఆయన వాకిట్లోకి పంపేది. ఆయన భార్య తలుపు చాటు నుంచే లేదన్నట్టు చేయి ఊపేది.

నాయిన తిరిగి వచ్చాడు. దవాఖానలో ఎవరూ లేకుండా పడి ఉంటే, మన దిక్కు లారీ డ్రైవర్ ఒకాయన చూసి, చందాలు పోగుచేసి విమానం ఎక్కించాడట. కాళ్లు, ముఖం ఉబ్బి వచ్చాడు. మేము గుర్తుపట్టలేదు. గొర్రెలు గుర్తుపట్టాయి. దొడ్డి తడిక మీది నుంచి తలలు పెట్టి అరిచాయి. నాయిన వాటికి బదులివ్వలేదు.

ఇంట్లో ఆ మాటలు ఎవరూ అనొద్దని అమ్మ కచ్చితంగా చెప్పింది. కానీ తమ్ముడు చిన్నవాడు. ఒకరోజు ఆటలో గోళీ గెలిచి "యల్లా!" అని అరిచాడు. అరుగు మీద గొంగడి కప్పుకుని పడుకున్న నాయిన దిగ్గున లేచి, చేతులు పక్కలకు పెట్టుకుని, తల వంచి నిలబడ్డాడు. కళ్లు పూర్తిగా తెరవనే లేదు. అమ్మ పోయి భుజం పట్టుకుని కూర్చోబెట్టేదాకా అట్లాగే నిలబడి ఉన్నాడు. తమ్ముడు చేతిలోని గోళీలన్నీ కింద పడేసి ఇంట్లోకి ఉరికాడు. వాడు ఆ మాటలన్నీ ఆ రోజే మర్చిపోయాడు. ఇప్పుడడిగినా ఒక్కటీ రాదంటాడు.

ఏం జరిగిందో నాయిన ఒక్కసారే చెప్పాడు, అవ్వకు. ఆమె ఆముదం వేడి చేసి ఆయన నడుముకు రాస్తోంది. నేను వడ్ల గుమ్మి పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను.

"నొప్పి మొదలైనప్పుడు పోయి చెప్పిన్నే అవ్వా," అన్నాడు. కన్నతల్లిని ఆయనా అవ్వ అనే పిలిచేవాడు. "రోగమని చెప్పనీకి నాకు వచ్చింది గదొక్కటే. గనమ్ మరీద్ అన్న. నా కడుపు పట్టుకొని చూపిచ్చిన. కఫీల్ ఉరికి గొర్లల్లకు పోయిండు. ఒక్కొక్కదాన్ని నోరు తెరిచి చూసిండు, కండ్లు చూసిండు. అన్ని మంచిగనే ఉన్నయ్. మళ్లొచ్చి అబద్ధం చెప్తవా అని కట్టె తీసిండు."

అవ్వ చేయి ఆగలేదు. నూనె రాస్తూనే ఉంది. "మళ్ల చెప్పలేదా కొడుకా?"

"చెప్పిన. ఎన్నిమార్లో చెప్పిన. ఇంకో మాట రాదు గదనే. గనమ్ మరీద్, గనమ్ మరీద్ అన్న. చెప్పినప్పుడల్ల ఆయన గొర్లను చూసి వచ్చేటోడు. ఆఖరుకు చూసుడు గూడ బంద్ చేసిండు."

రెండు మూత్రపిండాలూ చెడిపోయాయని మహబూబ్‌నగర్ దవాఖానలో చెప్పారు. ముందుగానే చూపిస్తే నయమయ్యేదట. డాక్టరు అమ్మ మీద కోపం చేశాడు, ఇన్ని దినాలు ఏం చేసిన్రు అని. మళ్లీ వానలు పడేదాకా నాయిన ఉన్నాడు. ఆ ఏడు బీళ్ల మీద గడ్డి బాగా వచ్చింది. మేయడానికి మంద లేదు.

ఆయన పోయినాక అవ్వ మిగిలిన గొర్రెలను పిలవలేకపోయింది. ఆ చప్పుళ్లు ఆమెకూ సరిగ్గా రావు. అవి దొడ్డిలో తలలు ఎత్తి అటూ ఇటూ చూసేవి. చివరికి వాటినీ అమ్మేశాం.

దుబాయ్ మామ చావుకు వచ్చాడు, అత్తరు పూసుకోకుండా. అందరికంటే వెనక నిలబడ్డాడు. అవ్వే ఆయన దగ్గరికి పోయింది. తిడుతుందనుకున్నాం. "ఇంటికి పోత అనుడు నీకు గూడ ఎవ్వరు నేర్పలేదంటివి గద బిడ్డా. నువ్వెట్ల వచ్చినవ్ మరి?" అని మెల్లగా అడిగింది. ఆయన అంగీ పైకెత్తి వీపు చూపించాడు. అవ్వ ఆ మచ్చల మీద చేయి పెట్టి చూసి, వచ్చి శవం పక్కన కూర్చుంది.

నిన్న రాత్రి ఇక్కడిదాకా రాసి ఆపాను. రాయడానికి కూర్చోకముందు నా భర్తకూ నాకూ జరిగిన మాటలు రాయలేదు. అది చెప్పాలి.

పిల్లలు తిని పడుకున్నాక అడిగాను. "ఎన్ని రోజుల సంది?"

"ఏంది?"

"నేర్చుకునుడు."

ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు. "నీకు చెప్దామనే ఉన్న. పాస్‌పోర్ట్ ఏజెంటుకు ఇచ్చేసిన. వచ్చే నెల పోవుడు."

"ఎవరితోని మాట్లాడి ఇచ్చినవ్?"

"నీతోని మాట్లాడితే పోనిస్తవా? నాది డ్రైవర్ పని. గొర్ల పని గాదు. మీ నాయిన జమాన గాదిది. ఫోన్‌ల అన్ని ఉన్నయ్. మనం తెలుగుల చెప్తే అది అరబ్బీల చెప్తది."

"ఫోన్ గుంజుకుంటే?"

ఆయన కంచంలో గీతలు గీస్తూ ఉన్నాడు.

"ఇప్పటిదాక ఏమేం నేర్చుకున్నవ్?"

"నీళ్లు, రొట్టె. కుడి, ఎడమ. ఆపు, పద. సలాం. థాంక్స్ అననీకి శుక్రన్."

"కడుపుల నొస్తే ఏమంటవ్?"

"ఇంక ఆ పాఠం రాలే," అన్నాడు.

ఏడవలేదు నేను. వద్దని అరవలేదు కూడా. కాలువలో నీళ్లు లేవు, బియ్యం డబ్బాలో అడుగు కనపడుతోంది, ఆ సంగతి ఆయన కంటే నాకే ఎక్కువ తెలుసు. ఆయన ఫోన్ తీసుకుని ఒక్కో మాట వెతికి, నేనే ముందు పలికి చూసుకున్నాను. ఇన్నేళ్లయినా నా గొంతుకు ఆ పలుకు పోలేదు. గనమ్ తీసేసి, ఆ జాగాలో అనా పెట్టాలి. అనా అంటే నేను. ఇంత చిన్న మాట మా అరుగు మీద అన్ని సాయంత్రాల్లో ఒక్కరూ అనలేదు.

ఈ పొద్దున లేచేసరికి పాప బడి బట్టలు వేసుకుని కూర్చుంది, బాబు నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఆయన స్నానానికి పోయాడు. ఇద్దరినీ ఒళ్లోకి తీసుకున్నాను.

"ఇయ్యాల్టి నుంచి డాడీకి మీరే టీచర్లు," అన్నాను.

పాప ముఖం వెలిగింది. "ఏ ఫర్ యాపిలా?"

"గాదు. నేను చెప్పేది."

"డాడీకి రాకపోతే కొట్టొచ్చా మమ్మీ?"

"కొట్టొద్దు బిడ్డ. ఎన్నిమార్లు రాకున్నా కొట్టొద్దు. ఒక్కటి చెయ్యిన్రి. డాడీ మోయ అంటడు, నీళ్లు కావాల్నని. అన్నా గూడ ఇయ్యకున్రి. ముందుగాల కడుపు మీద చెయ్యి పెట్టుకొని, అనా మరీద్, అనాలె. నాకు బాగలేదు అని. గల్లీ చివర కిరాణం దుకాణం దాక వినపడేటట్టు అనాలె. అన్నంకనే నీళ్లు."